చేయని తప్పుకు మోకరిల్లిన ఛాన్సలర్

గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు జర్మనీ మరీ అంత దూరం కాదు. రామగుండంలో పాత ఎఫ్‌సీఐ ఎరువుల కార్ఖానా ఉండేది. మీరు చూసి ఉండరు, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. 1980లో మొదలై 1999లో మూతపడింది. మన బొగ్గును గ్యాసుగా మార్చి, ఆ గ్యాసుతో యూరియా తయారుచేసేవాళ్లు. బొగ్గును గ్యాసు చేసే ఆ పద్ధతి పేరు కొప్పర్స్-టోట్జెక్. కొప్పర్స్ అనేది జర్మనీలోని ఎస్సెన్ నగరం కంపెనీ. ఎస్సెన్ ఉన్నది రూర్ అనే బొగ్గు ప్రాంతంలో. అక్కడా మనలాగే బాయిలు, షిఫ్టులు, సైరన్లు. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరగడం అక్కడా మామూలే.

1961 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం చేస్తూ ఒక నాయకుడు, రూర్ మీద ఆకాశం మళ్లీ నీలంగా కనబడాలి అన్నాడు. చాలామంది నవ్వారు. చిమ్నీలోంచి పొగ వస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుందని నమ్మే రోజులవి. ఓపెన్‌కాస్ట్ దుమ్ము గురించి మాట్లాడితే ఇప్పటికీ మన దగ్గర కొందరు అదే మాట అంటారు కదా. ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. పేరు విల్లీ బ్రాంట్.

ప్రపంచం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆకాశం గురించి చెప్పినందుకు కాదు. 1970 డిసెంబరు 7న పోలండ్ రాజధాని వార్సాలో, తన దేశం చంపేసిన మనుషుల స్మారకం ముందు, నోరు విప్పకుండా సుమారు అర నిమిషం మోకాళ్ల మీద ఉన్నందుకు. ఆ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. తడి రాతి మీద నల్లకోటు మనిషి, చేతులు ముందుకు జోడించి, చుట్టూ కెమెరాలు. సివిల్స్‌కు చదివేవాళ్లకు ప్రపంచ చరిత్రలో ప్రపంచ యుద్ధాలు, సరిహద్దుల మార్పులు సిలబస్‌లోనే ఉన్నాయి. కాబట్టి ఈయన మీకు పనికొస్తాడు. అయితే బిట్ ప్రశ్నకు జవాబుగా గుర్తుపెట్టుకుంటే అసలు సంగతి పోతుంది. ఆ అర నిమిషం వెనక ఒక చిత్రమైన జీవితం ఉంది. మోకరిల్లిన మనిషి ఆ నేరం చేసినవాడు కాదు. నేరం చేసినవాళ్ల మీద పోరాడినవాడు.

రెండు రొట్టెలు

1913 డిసెంబరు 18న ఉత్తర జర్మనీలోని లూబెక్ అనే రేవు పట్టణంలో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు హెర్బర్ట్ ఫ్రామ్. అమ్మ మార్తా, సహకార దుకాణంలో సరుకులు అమ్మే ఉద్యోగి. పెళ్లి కాలేదు. తండ్రి ఎవరో పిల్లవాడికి చాలాకాలం తెలియదు, ఎప్పుడూ చూడనూ లేదు. అమ్మ ఉద్యోగానికి పోతే పెంచింది తాత లుడ్విగ్. వ్యవసాయ కూలీగా మొదలై లారీ డ్రైవరు అయిన మనిషి, గట్టి యూనియన్ మనిషి.

బ్రాంట్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్న ఒక సంఘటన మన దగ్గర యూనియన్ ఆఫీసుల్లో చెప్పుకోదగ్గది. ఆయనకు ఎనిమిదేళ్లప్పుడు తాత పనిచేసే చోట పని బందయింది, ఇంట్లో తిండికి కటకట. పిల్లవాడు రొట్టెల దుకాణం అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. కార్ఖానా డైరెక్టరు ఒకాయన అటు వచ్చి, ఆకలేస్తోందా అని అడిగి, రెండు రొట్టెలు కొనిచ్చాడు. పిల్లవాడు సంబరంగా ఇంటికి పరుగెత్తాడు. తాత మొహం మారిపోయింది. వెంటనే తిరిగి ఇచ్చి రమ్మన్నాడు. పనివాడికి కావాల్సింది హక్కు, యజమాని దయ కాదు అన్నది తాత లెక్క. పిల్లవాడు వెళ్లి రొట్టెలు తిరిగిచ్చాడు. ఆకలి మీద ఉన్న పిల్లవాడితో ఆ పని చేయించడం సరైందేనా అని నాకు అనుమానమే. కానీ ఆయన దాన్ని చివరిదాకా గర్వంగానే గుర్తుపెట్టుకున్నాడు.

చదువులో హెర్బర్ట్ చురుకు. స్కాలర్‌షిప్ మీద ఊళ్లోని మంచి హైస్కూల్లో సీటు వచ్చింది. డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే చోట కార్మికుల ఇంటి పిల్లవాడు. చదువుకుంటూనే సోషల్ డెమోక్రటిక్ పార్టీ స్థానిక పత్రికకు వార్తలు రాసేవాడు. ఆ పత్రిక సంపాదకుడు, లూబెక్ పార్టీ నాయకుడు యూలియస్ లేబర్ అతన్ని చేరదీశాడు. పార్టీ సాయంతో యూనివర్సిటీకి పోయే దారి దాదాపు ఖాయం. సరిగ్గా అప్పుడే, 1931లో, హిట్లర్ మీద పార్టీ గట్టిగా నిలబడటం లేదని అలిగి ఈ కుర్రాడు వేరే చిన్న వామపక్ష పార్టీలోకి పోయాడు. లేబర్‌తో మాటలు బందు. యూనివర్సిటీ ఆశా బందు. 1932లో హైస్కూలు ఫైనల్ పాసై, ఓడల ఏజెంటు ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరాడు.

మొదటి ఉద్యోగం మనసుకు నచ్చింది కాకపోతే జీవితమే అయిపోయిందనుకునేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఓడల మనుషులతో ఆ ఆఫీసులో చేసిన పరిచయాలు, రేవు పట్టణంలో సముద్రం ఎటు పోతుందో తెలిసిన మనుషుల తోడు, ఏడాది తిరక్కముందే అతనికి ఎంతో అవసరమయ్యాయి.

పన్నెండేళ్ల గ్యాప్

1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ప్రతిపక్షాల వాళ్లను పట్టుకుపోతున్నారు. లేబర్‌ను అరెస్టు చేశారు. హెర్బర్ట్ మార్చిలో ఒక రహస్య సమావేశానికి మారుపేరుతో వెళ్లాడు. ఆ మారుపేరే విల్లీ బ్రాంట్. ఏప్రిల్ మొదట్లో ఒక చేపల పడవలో దాక్కుని డెన్మార్క్‌కు, అక్కడి నుంచి నార్వే రాజధాని ఓస్లోకు చేరాడు. వయసు పందొమ్మిది. మీలో చాలామంది డిగ్రీ ఫస్టియర్, సెకండియర్‌లో ఉండే వయసు.

నార్వేలో కొద్ది నెలల్లోనే ఆ భాష నేర్చుకుని, పత్రికలకు ఆ భాషలోనే రాయడం మొదలుపెట్టాడు. కోచింగ్ లేదు, గైడు లేదు. భాష రాకపోతే తిండి లేదు, అంతే. 1936లో నార్వే విద్యార్థిగా నటిస్తూ, దొంగ పాస్‌పోర్టుతో బెర్లిన్ వెళ్లి కొన్ని నెలలు రహస్యంగా పనిచేశాడు. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధాన్ని చూసి రాశాడు. 1938లో నాజీ ప్రభుత్వం అతని జర్మన్ పౌరసత్వం రద్దు చేసింది.

1940 ఏప్రిల్‌లో జర్మనీ సైన్యం నార్వే మీద పడింది. జర్మన్ విప్లవకారుడిగా దొరికితే ప్రాణం దక్కదు. అందుకని నార్వే సైనికుడి యూనిఫాం తొడుక్కున్నాడు, యుద్ధఖైదీగా దొరికాడు. సొంత దేశపు సైనికులు అతన్ని నార్వే వాడనుకుని కొన్ని వారాలు శిబిరంలో ఉంచి వదిలేశారు. అక్కడి నుంచి స్వీడన్‌కు పారిపోయాడు. నార్వే పౌరసత్వం వచ్చింది. చిన్నప్పుడు దారి చూపిన లేబర్‌ను మాత్రం, హిట్లర్ మీద కుట్రలో ఉన్నాడని 1945 జనవరిలో ఉరితీశారు.

యుద్ధం ముగిశాక బ్రాంట్ నార్వే, స్వీడన్ పత్రికల విలేకరిగా జర్మనీకి తిరిగొచ్చి నాజీల మీద న్యూరెంబర్గ్ విచారణ గురించి రాశాడు. 1947లో బెర్లిన్‌లోని నార్వే మిలటరీ మిషన్‌లో ప్రెస్ అధికారిగా చేరాడు. అంటే బాంబులతో కూలిన సొంత దేశపు రాజధానిలో గెలిచిన దేశం యూనిఫాం వేసుకుని తిరిగాడు. ఆ ఉద్యోగంలోనే ఉండిపోతే జీతం, తిండి, గౌరవం అన్నీ ఉన్నాయి. 1948లో అది వదిలేసి జర్మన్ పౌరసత్వం తిరిగి తీసుకున్నాడు. పాత పేరు మాత్రం తీసుకోలేదు. విల్లీ బ్రాంట్ అనేదే అధికారిక పేరయింది.

ఈ పన్నెండేళ్లే ఆయన మెడకు చుట్టుకున్నాయి. రెజ్యూమెలో రెండేళ్ల గ్యాప్ ఎట్లా చెప్పుకోవాలా అని మీరు మథనపడుతుంటారు. ఈయనకు ప్రతి ఎన్నికలోనూ అదే ప్రశ్న. మేమంతా ఇక్కడ బాంబుల కింద ఉంటే నువ్వు బయట ఏం చేశావు? శత్రువు యూనిఫాం ఎందుకు వేసుకున్నావు? నీ అసలు పేరేంటి? నీ తండ్రి ఎవరు? 1957లో ఆయన పశ్చిమ బెర్లిన్ మేయరు అయ్యాడు. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ బెర్లిన్ మధ్య గోడ కట్టడం మొదలుపెట్టింది. ఊరు నిలువునా చీలిపోయి మేయరు తండ్లాడుతుంటే, మర్నాడే అప్పటి ఛాన్సలర్ కొన్రాడ్ అడెనావర్ ఎన్నికల సభలో ఆయన పాత పేరు ఎత్తి ఎద్దేవా చేశాడు. ఛాన్సలర్ అంటే మన ప్రధానమంత్రి లాంటి పదవి.

1961లో ఓటమి. 1965లో మళ్లీ ఓటమి. రెండోసారి ఓడాక బాగా కుంగిపోయి, ఇక ఛాన్సలర్ పదవికి పోటీ చేయనని చెప్పేశాడు. గ్రూప్స్ రెండుసార్లు పోయినవాళ్లకు ఆ స్థితి తెలిసే ఉంటుంది. 1966లో రెండు పెద్ద పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే విదేశాంగ మంత్రి అయ్యాడు. ఛాన్సలర్ ఎవరో తెలుసా? కుర్ట్ కీసింగర్. 1933 నుంచి నాజీ పార్టీ సభ్యుడుగా ఉన్న మనిషి. నాజీల నుంచి పారిపోయినవాడు, నాజీ పార్టీ సభ్యత్వం ఉన్నవాడు మూడేళ్లు ఒకే క్యాబినెట్‌లో కూర్చున్నారు. వార్సాకు పోకముందే బ్రాంట్ పాత శత్రువుతో పక్కపక్కన కూర్చోవడం ఇంట్లోనే అలవాటు చేసుకున్నాడన్నమాట. 1969 అక్టోబరులో మూడో ప్రయత్నంలో ఛాన్సలర్ అయ్యాడు.

వార్సాలో ఆ ఉదయం

పోలండ్ వాళ్లకు జర్మనీ ఏం చేసిందో కొంచెం తెలిస్తే తప్ప మిగతాది అర్థం కాదు. యుద్ధంలో సుమారు 60 లక్షల మంది పోలండ్ పౌరులు చనిపోయారు. అందులో సగం మంది యూదులు. వార్సా నగరంలో ఎక్కువ భాగం నేలమట్టమైంది. ఆ నగరంలోనే గోడ కట్టి నాలుగు లక్షలకు పైగా యూదులను ఒక మూలకు కుక్కారు. 1942 వేసవిలో అందులో రెండున్నర లక్షల మందికి పైగా మనుషులను రైళ్లలో ట్రెబ్లింకా హత్యా శిబిరానికి తరలించారు. మిగిలినవాళ్లు 1943 ఏప్రిల్ 19న ఆయుధాలు పట్టుకుని తిరగబడ్డారు. గెలుస్తామని కాదు. దాదాపు నెల రోజులు నిలబడ్డారు.

ఆ తిరుగుబాటు వీరుల స్మారకం 1948లో అదే చోట లేచింది. దానికి వాడిన రాయి కథ వేరే. హిట్లర్ గెలిచాక కట్టబోయే విజయ కట్టడాల కోసం నాజీలు స్వీడన్‌లో ఆ రాయిని ఆర్డరు చేశారు. విజయం రాలేదు. రాయి మాత్రం వార్సాకు వచ్చింది, వాళ్లు చంపినవాళ్ల పేరు మీద నిలబడింది.

జర్మనీ వైపూ గాయం ఉంది. 1945లో ఓడిపోయాక ఓడర్, నైసె నదులకు తూర్పున ఉన్న భూభాగం పోయింది. యుద్ధానికి ముందు జర్మనీలో అది దాదాపు నాలుగో వంతు. ఎక్కువ భాగం పోలండ్‌కు పోయింది, అందులో సైలీషియా బొగ్గు గనులు కూడా ఉన్నాయి. అక్కడి నుంచి, తూర్పు యూరప్‌లోని ఇతర చోట్ల నుంచి సుమారు కోటీ 20 లక్షల మంది జర్మన్లు ఇళ్లూ పొలాలూ వదిలి రావాల్సి వచ్చింది. వాళ్లు సంఘాలు పెట్టుకున్నారు, వాళ్లకు ఓట్లున్నాయి. కాబట్టి ఇరవై అయిదేళ్లు ఏ పశ్చిమ జర్మనీ ప్రభుత్వమూ ఆ సరిహద్దును ఒప్పుకోలేదు. ఓపెన్‌కాస్ట్ కింద ఊరు పోయిన కుటుంబం మీ బంధువుల్లో ఉంటే, పాత ఊరి పేరు వాళ్ల నోట్లోంచి ఎంతకాలం పోదో మీకు తెలుసు.

బ్రాంట్ ఆ సరిహద్దును ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాడు. తూర్పు దేశాలతో రాజీ అనే ఈ విధానాన్నే ఓస్ట్‌పాలిటిక్ అంటారు. 1970 ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం అయింది. డిసెంబరులో పోలండ్ వంతు.

డిసెంబరు 7 కార్యక్రమం అంతా ముందే నిమిషాల లెక్కన రాసిపెట్టి ఉంది. ముందు అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర పూలచక్రం. తర్వాత యూదుల స్మారకం దగ్గర పూలచక్రం. ఆపైన ఒప్పందం మీద సంతకాలు. దేశాధినేతలు పూలచక్రాలు పెట్టడం మనం టీవీలో రోజూ చూసేదే. ఇద్దరు సైనికులు మోసుకొస్తారు, నాయకుడు చేయి తగిలిస్తాడు, రిబ్బను సర్దుతాడు, తల వంచుతాడు, వెనక్కి తిరుగుతాడు. బ్రాంట్ కూడా రిబ్బను సర్దాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత హఠాత్తుగా రెండు మోకాళ్ల మీదికి దిగిపోయాడు.

వెనక ఉన్న విలేకరుల్లో కొందరు ఆయన పడిపోయాడేమో అనుకున్నారు. ఆయన కదలలేదు. ప్రార్థన కూడా చేయలేదు, అంత భక్తుడు కాదు. సుమారు అర నిమిషం తర్వాత చేత్తో నేలను ఆనుకోకుండానే లేచి నడిచి వెళ్లిపోయాడు. ముందే అనుకుని చేశాడా అని తర్వాత ఎందరో అడిగారు. లేదని, మాటలు చాలనప్పుడు మనుషులు చేసే పనే చేశానని ఆయన రాసుకున్నాడు. ఆయన సన్నిహితులకు కూడా ముందు తెలియదు.

సంతకాల బల్ల దగ్గర ఆయనతో ఉన్నది పోలండ్ ప్రధాని యూజెఫ్ సిరాంకీవిచ్. ఈయన 1942లో ఆష్విట్జ్ శిబిరానికి ఖైదీగా వెళ్లి బతికి బయటపడిన మనిషి. ఒకవైపు నాజీల ఖైదీ, మరోవైపు నాజీల నుంచి పారిపోయినవాడు. అయినా ఒప్పందం మీద వాళ్లిద్దరూ పెట్టింది సొంత సంతకాలు కాదు, రెండు దేశాల సంతకాలు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. దేశం తరఫున నిలబడే మనిషి, నేనేం చేయలేదు అని తప్పుకోలేడు. బ్రాంట్‌కు అట్లా తప్పుకునే హక్కు జర్మనీలో అందరికంటే ఎక్కువగా ఉంది. దాన్ని ఆయన వాడుకోలేదు. మర్నాడు కారులో సిరాంకీవిచ్ ఆయన చేయి పట్టుకుని, తన భార్య వియన్నాలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసిందని, ఇద్దరూ బాగా ఏడ్చారని చెప్పాడట.

అయితే పోలండ్ ప్రభుత్వానికి ఇది పూర్తిగా రుచించలేదు. తమ సైనికుల సమాధి దగ్గర కాకుండా యూదుల స్మారకం దగ్గర మోకరిల్లడం వాళ్లకు ఇబ్బంది. రెండేళ్ల ముందే, 1968లో, ఆ ప్రభుత్వమే యూదుల మీద ప్రచారం నడిపి వేలమందిని దేశం విడిచి పోయేలా చేసింది. అందుకే ప్రపంచమంతా అచ్చేసిన ఫొటో పోలండ్ పత్రికల్లో దాదాపు ఎక్కడా రాలేదు.

ఇంటికొచ్చాక

సొంత దేశంలో స్వాగతం ఏమీ ఘనంగా లేదు. ష్పీగెల్ వారపత్రిక చేయించిన సర్వేలో 48 శాతం మంది ఇది అతి అన్నారు. సరైనదే అన్నవాళ్లు 41 శాతం. మిగతావాళ్లు ఏమీ చెప్పలేదు. భూములు వదిలి వచ్చినవాళ్ల సంఘాలు ద్రోహి అన్నాయి. పాత పేరు, పాత యూనిఫాం మళ్లీ బయటికొచ్చాయి. 1971లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. దాన్ని అందుకోవడానికి వెళ్లింది ఓస్లోకే, పందొమ్మిదేళ్లప్పుడు పారిపోయి చేరిన ఊరికి.

బహుమతి వచ్చినా పార్లమెంటులో మెజారిటీ కరిగిపోతూ వచ్చింది. సరిహద్దు నచ్చని సభ్యులు ఒక్కొక్కరే ప్రతిపక్షంలోకి పోయారు. 1972 ఏప్రిల్ 27న ఆయన్ను దించడానికి పెట్టిన అవిశ్వాసానికి 249 ఓట్లు కావాలి, 247 పడ్డాయి. రెండు ఓట్లతో గట్టెక్కాడు. కనీసం ఒక ఓటును తూర్పు జర్మనీ గూఢచారులు డబ్బిచ్చి కొన్నారని తర్వాత బయటపడింది. శాంతి కథల్లో ఇట్లాంటి మురికి కూడా ఉంటుంది, దాచి ప్రయోజనం లేదు. ఆ నవంబరు ఎన్నికల్లో మాత్రం 91 శాతం పోలింగ్‌తో జనం ఆయన్నే గెలిపించారు.

ఆయన ఖాతాలో ఇంకో మరక ఉంది, అది నేరుగా మీలాంటివాళ్లకు సంబంధించింది. 1972 జనవరిలో బ్రాంట్, రాష్ట్రాల ముఖ్యమంత్రులు కలిసి ఒక నిర్ణయం చేశారు. ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల రాజకీయ అభిప్రాయాలను పరిశీలించాలని. టీచరు, పోస్టుమన్, రైలు డ్రైవరు, ఎవరైనా సరే. లక్షల మంది ఫైళ్లు తిరగేశారు. కాలేజీ రోజుల్లో ఏదో ఊరేగింపులో కనిపించారని కొందరికి ఉద్యోగం రాకుండా పోయింది. మన ప్రాంతంలో పోలీస్ వెరిఫికేషన్ అనే మాటకు ఒకప్పుడు ఇళ్లల్లో ఎంత భయం ఉండేదో పెద్దవాళ్లు చెబుతారు. రాజకీయాల వల్ల దేశమే పోగొట్టుకున్న మనిషి ఈ పని చేయడం నాకు మింగుడుపడదు. అది పొరపాటని ఆయన కూడా తర్వాత ఒప్పుకున్నాడు.

పదవి పోయింది ఇంకో కారణంతో. 1974 ఏప్రిల్‌లో ఆయన ఆఫీసులోనే పనిచేసే గుంటర్ గియోమ్ తూర్పు జర్మనీ గూఢచారి అని తేలి అరెస్టయ్యాడు. ఏ తూర్పుతో రాజీ కోసం ఇంత దూరం వచ్చాడో ఆ తూర్పే పక్కలో మనిషిని పెట్టింది. మే మొదటి వారంలో బ్రాంట్ రాజీనామా చేశాడు.

తర్వాత ఇంట్లో కూర్చోలేదు. పేద దేశాలు, ధనిక దేశాల మధ్య తేడా మీద ఏర్పాటైన కమిషన్‌కు నాయకత్వం వహించాడు. 1980లో వచ్చిన దాని నివేదికను బ్రాంట్ రిపోర్ట్ అంటారు, ఎకనామిక్స్ వాళ్లు చదివే ఉంటారు. అందులో మన దేశం నుంచి ఎల్.కె.ఝా సభ్యుడు. 1989 నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకున్న మర్నాడు, ఒకప్పుడు మేయరుగా పనిచేసిన ఊళ్లో జనం ముందు నిలబడ్డాడు. 1992 అక్టోబరు 8న కన్నుమూశాడు.

మిగతావాళ్లు ఎట్లా నిలబడ్డారు

పాత శత్రువులు ఒకే స్మారకం ముందు నిలబడటం బ్రాంట్‌తో మొదలైంది కాదు. ఆయన్ను ఎద్దేవా చేసిన అడెనావరే 1962 జూలైలో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ పక్కన రీమ్స్ చర్చిలో ప్రార్థనలో కూర్చున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫిరంగులు కూల్చిన చర్చి అది. 1984 సెప్టెంబరు 22న వెర్డన్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ, జర్మనీ ఛాన్సలర్ హెల్ముట్ కోల్ చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. 1916లో పది నెలల పాటు సుమారు మూడు లక్షల మంది చనిపోయిన చోటు. మిత్తెరాఁ స్వయంగా 1940లో ఆ దగ్గర్లోనే గాయపడి జర్మన్లకు ఖైదీ అయ్యాడు.

అదే ఏడాది జూన్‌లో నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగిన రోజుకు నలభై ఏళ్లు నిండితే, జర్మనీకి పిలుపు రాలేదు. ఆ పిలుపు 2004 జూన్ 6 దాకా రాలేదు. వెళ్లిన ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్. ఆయన పుట్టిన కొన్ని నెలలకే తండ్రి రొమేనియాలో యుద్ధంలో చనిపోయాడు.

ఇది బెడిసికొట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1985 మేలో అమెరికా అధ్యక్షుడు రీగన్, కోల్ కలిసి బిట్‌బర్గ్ సైనిక శ్మశానానికి వెళ్లారు. అక్కడ హిట్లర్ ప్రత్యేక దళం ఎస్‌ఎస్ వాళ్ల సమాధులు కూడా ఉన్నాయని ముందే తెలిసి గొడవయింది. అయినా వెళ్లారు. చనిపోయిన సైనికులందరూ ఒకటే అనేస్తే చంపినవాడికీ చచ్చినవాడికీ తేడా పోతుందని బాధితులు బాధపడ్డారు. నా ఉద్దేశంలో వాళ్ల బాధ న్యాయమే. 2016లో ఒబామా హిరోషిమాకు, షింజో అబే పెర్ల్ హార్బర్‌కు వెళ్లారు. ఇద్దరూ నివాళి అర్పించారు, ఇద్దరూ క్షమాపణ మాట ఎత్తలేదు. 1997 అక్టోబరులో ఎలిజబెత్ రాణి జలియన్‌వాలా బాగ్‌లో పూలచక్రం పెట్టి తలవంచింది. అది యుద్ధభూమి కాదు, నిరాయుధుల మీద కాల్పులు జరిగిన చోటు. అక్కడా క్షమాపణ రాలేదు.

మన తెలుగు నేల సంగతి వేరే రకం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. సుమారు పాతికేళ్లు గడిచాక అదే విశాఖ రేవు నుంచి బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు కంపెనీలకు ఓడల మీద పోయింది. శత్రువు కొనుగోలుదారు అయ్యాడు. వ్యాపారం రాజీని నడిపిస్తుంది, నిజమే. బొగ్గు, ఉక్కు ఉమ్మడిగా పెట్టుకుందామని ఫ్రాన్స్, జర్మనీ 1951లో చేసుకున్న ఒప్పందమే నేటి యూరోపియన్ యూనియన్‌కు పునాది. కానీ పోలండ్‌తో వ్యాపార ఒప్పందం ఒక్కటే చేసుకుని వచ్చి ఉంటే బ్రాంట్ పేరు ఇవాళ ఎవరికీ గుర్తుండేది కాదు.

రూర్ సంగతి అడిగారా? అక్కడి చివరి బొగ్గు బాయి 2018 డిసెంబరులో మూతపడింది. ఎస్సెన్‌లోని జోల్‌ఫెరైన్ అనే పెద్ద బాయి ఇప్పుడు యునెస్కో వారసత్వ కట్టడం, టికెట్ కొనుక్కుని చూస్తారు. ఆకాశం నీలంగానే ఉంది.

వార్సాలో ఆ యూదుల స్మారకానికి దగ్గర్లోనే ఇప్పుడు విల్లీ బ్రాంట్ పేరు మీద చిన్న కూడలి ఉంది. 2000 డిసెంబరులో అక్కడ ఇటుకలతో ఒక గుర్తు కట్టారు. దాని మీద కంచు పలక. 1970లో పోలండ్ పత్రికలు వేయని ఆ ఫొటోయే ఆ పలక మీది బొమ్మ.